ఎర్ర అట్ట పుస్తకం: సత్యజిత్ రే పనితీరుపై కేస్ స్టడీ

బెంగాలీ సినిమా దర్శకుడు సత్యజిత్ రే గురించి ఎవరు రాసినా ‘బహుముఖ ప్రజ్ఞాశాలి’ అనే మాట పడాల్సిందే. ఆ మాటతో నాకు పేచీ లేదు గానీ, పని నేర్చుకునేవాడికి దానివల్ల ఒరిగేది ఏమీ లేదు. ప్రజ్ఞ ఉంది, చేశాడు, అయిపోయింది. నేను సినిమా టైటిళ్లకు అక్షరాలు గీసి, పోస్టర్లు డిజైన్ చేసి బతికేవాణ్ణి. నాకు కావలసిన లెక్క వేరు. ఏ పనిని ఎప్పుడు తన చేతిలోకి తీసుకున్నాడు? ఎందుకు తీసుకున్నాడు? తీసుకున్నాక సినిమాకు ఏం కలిసింది, ఏం పోయింది?

ఈ లెక్కకు ఆయన జీవితం మొత్తం అక్కర్లేదు. 1943లో ఉద్యోగంలో చేరిన దగ్గర్నుంచి 1969లో ‘గూపీ గాయిన్ బాఘా బాయిన్’ సినిమా వచ్చేదాకా చూస్తే చాలావరకు దొరుకుతుంది. అటూ ఇటూ అవసరమైనంత మేరకు తొంగి చూస్తాను.

ఇంటి అలవాటు

తాత ఉపేంద్రకిశోర్ రాయ్‌చౌధురి పిల్లల కథలు రాశాడు, బొమ్మలు వేశాడు, వయొలిన్ వాయించాడు. ఈ కేసుకు వాటికన్నా ముఖ్యమైనది ఆయన ప్రింటింగ్ పిచ్చి. పిల్లల కోసం రాసిన రామాయణంలో తన బొమ్మలు పాడుగా అచ్చయ్యాయని విసుగెత్తి, హాఫ్‌టోన్ బ్లాకుల (బొమ్మలోని వెలుగునీడల్ని చిన్న చుక్కలుగా అచ్చువేసే దిమ్మల) తయారీ తానే నేర్చుకున్నాడు. ఎంతగా నేర్చుకున్నాడంటే, దాని మీద ఆయన రాసిన వ్యాసాలను ఇంగ్లండులో ముద్రణారంగం వాళ్ల వార్షిక సంచిక అచ్చువేసింది. 1913లో ‘సందేశ్’ అనే పిల్లల పత్రిక మొదలుపెట్టాడు. కొడుకు సుకుమార్ రాయ్ ఇంగ్లండు వెళ్లి ముద్రణ చదివి వచ్చాడు, అర్థంపర్థం లేని గేయాలతో బెంగాలీ పిల్లల్ని ఊగించాడు, 1923లో చిన్న వయసులోనే పోయాడు. అప్పటికి సత్యజిత్‌కు రెండేళ్లు. మరికొన్నేళ్లకు ప్రెస్సూ చేజారింది.

అంటే తండ్రి దగ్గరా తాత దగ్గరా కూర్చుని నేర్చుకున్నదేమీ లేదు. రక్తంలో ఉందని తేల్చేయడం నాకు ఇష్టం లేదు. కానీ వేరేవాళ్లు చేసిన పని నచ్చకపోతే తిట్టుకుంటూ కూర్చోకుండా ఆ పనే నేర్చేసుకోవడం అనే తాత పద్ధతి మనవడిలో పదేపదే కనిపిస్తుంది. సంగీతం దగ్గరికి వచ్చేసరికి మళ్లీ దీన్నే చూస్తాం.

80 రూపాయల ఉద్యోగం

ప్రెసిడెన్సీ కాలేజీలో ఎకనామిక్స్ చదివాక 1940లో శాంతినికేతన్ కళాభవన్‌లో చేరాడు. నందలాల్ బోస్, బినోద్ బిహారీ ముఖర్జీ గురువులు. కుంచె గీతలో ఎక్కడ ఒత్తాలో, ఎక్కడ వదలాలో అక్కడే పట్టుబడింది. కోర్సు పూర్తిచేయకుండానే 1942 చివర్లో వచ్చేశాడు. 1943లో కలకత్తాలో డీ.జే. కీమర్ అనే బ్రిటిష్ అడ్వర్టైజింగ్ కంపెనీలో జూనియర్ విజువలైజర్‌గా, అంటే ప్రకటనలకు బొమ్మలు, లేఅవుట్లు గీసే చిన్న ఉద్యోగిగా చేరాడు. నెలకు 80 రూపాయల జీతం.

రే గురించిన రాతల్లో ఈ ఉద్యోగాన్ని ఒక వాక్యంలో దాటేస్తుంటారు. నా దృష్టిలో అసలు స్కూలు ఇదే. యాడ్ ఏజెన్సీలో పనిచేసినవాళ్లకు తెలుస్తుంది: క్లయింట్ ఇంత జాగా ఇస్తాడు, ఇన్ని రంగులు ఇస్తాడు, రేపు సాయంత్రానికి కావాలంటాడు. ఆ జాగాలో ఒక్క విషయం చెప్పాలి, రెండోది చెప్పకూడదు. ఏది తీసేయాలో నేర్పే చదువు అది.

కీమర్‌లో పనిచేస్తూనే, డీ.కే. గుప్తా పెట్టిన సిగ్నెట్ ప్రెస్‌కు పుస్తకాల అట్టలు గీశాడు. కీమర్‌లో దొరకని స్వేచ్ఛ ఇక్కడ దొరికింది. జీవనానంద దాస్ కవిత్వానికి, నెహ్రూ ‘డిస్కవరీ ఆఫ్ ఇండియా’కు అట్టలు వేసింది ఈయనే. అన్నిటిలో నేను ఎప్పుడూ చూపించేది జిమ్ కార్బెట్ పులివేట పుస్తకం బెంగాలీ అనువాదానికి వేసిన అట్ట. పులి బొమ్మ లేదు, తుపాకి లేదు, అడవి లేదు. అట్టంతా పులిచర్మం చారలు. ముందు అట్ట మీద తూటా దిగిన చిన్న రంధ్రం. వెనక్కి తిప్పితే అదే తూటా బయటికి వచ్చిన పెద్ద రంధ్రం. మధ్యలో ఉన్న కాగితాల దిండు పులి ఒళ్లయిపోయింది! పుస్తకాన్ని చేత్తో తిప్పితే తప్ప పూర్తికాని బొమ్మ ఇది. ముందొకటి, వెనకొకటి, వాటి మధ్య మనమే కలుపుకునే కథ. సినిమావాళ్లు దీన్ని కట్ అంటారు. ఈ అట్ట వేసేనాటికి ఆయన తొలి సినిమా ఇంకా విడుదల కాలేదు.

అక్షరాల గురించి ఒక మాట చెప్పకుండా ముందుకు పోలేను, నా పనే అది కాబట్టి. 1961లో మొదలైన ‘ఎక్షణ్’ అనే సాహిత్య పత్రికకు రే అట్టలు గీసేవాడు. పత్రిక పేరు బెంగాలీలో మూడే అక్షరాలు. ఆ మూడింటినే ప్రతి సంచికకూ కొత్తగా గీశాడు, చాలాసార్లు అట్ట మీద వేరే బొమ్మే ఉండదు. బెంగాలీలో చాలా అక్షరాలు పైన ఒక గీతకు వేలాడతాయి. ఆ గీతను దూలంగా వాడుకుని కింద ఏ విన్యాసమైనా చేయొచ్చు. తెలుగులో ఆ సౌకర్యం లేదు, పైన తలకట్లు దేనికదే విడిగా ఉంటాయి, కింద వత్తులకు జాగా వదలాలి. అందుకే రే గీతల్ని చూసి ఎత్తుకొచ్చి తెలుగులో పెడితే అతకదు. ఆయన దగ్గర తీసుకోవలసింది లిపి ఇచ్చిన ఇబ్బందినే అందంగా మార్చే పద్ధతిని. ఇంగ్లిష్ అక్షరాల్లోనూ రే రోమన్, రే బిజార్, డాఫ్నిస్, హాలిడే స్క్రిప్ట్ అనే టైప్‌ఫేసులు తయారుచేశాడు. మొదటి రెంటికీ 1971లో ఒక అంతర్జాతీయ పోటీలో బహుమతి వచ్చింది.

బొమ్మల పుస్తకం నుంచి సినిమా

సిగ్నెట్ ప్రెస్ బిభూతిభూషణ్ బందోపాధ్యాయ నవల ‘పథేర్ పాంచాలీ’ని పిల్లల కోసం కుదించి వేసింది. దానికి బొమ్మలు వేసే పని రేకు వచ్చింది. సినిమా బీజం ఇక్కడ పడింది. చిత్రకారుడు నవలని చదివే తీరు వేరు. ఏ పేజీ దగ్గర ఆగాలి, ఏ క్షణాన్ని బొమ్మ కట్టాలి, ఏది మాటలకే వదిలేయాలి అని చూస్తూ చదువుతాడు. సినిమాలో షాట్లు విడగొట్టుకోవడం దీనికి అడుగు దూరంలో ఉంది.

1949లో ఫ్రెంచ్ దర్శకుడు జాన్ రెన్వా కలకత్తా వచ్చినప్పుడు ఆయన వెంట తిరిగాడు. 1950లో కీమర్ పని మీద లండన్ వెళ్లి, ఉన్నన్నాళ్లూ విపరీతంగా సినిమాలు చూశాడు. ఇవన్నీ అందరికీ తెలిసినవే. తిరిగి వచ్చాక సినిమాకు పూర్తి స్క్రిప్టు రాయలేదు. నల్ల ఇంకుతో, నీటివాష్‌తో వరసగా బొమ్మలు గీసి ఒక పుస్తకం చేశాడు. నిర్మాతల దగ్గరికి ఆ పుస్తకం పట్టుకునే వెళ్లాడు. ఎవరూ డబ్బు పెట్టలేదనుకోండి, అది వేరే సంగతి. బొమ్మలు బాగున్నాయని డబ్బు పెట్టే నిర్మాత అప్పుడూ తక్కువే, ఇప్పుడూ తక్కువే. ఆ పుస్తకాన్ని తర్వాత ప్యారిస్‌లోని సినిమాతెక్ అనే సినిమా భాండాగారానికి ఇచ్చేశాడు.

1952 అక్టోబరులో రెల్లుపూల మైదానంలో షూటింగ్ మొదలైంది. ఇన్సూరెన్సు పాలసీ, భార్య నగలు తాకట్టుకు వెళ్లాయి. చివరికి పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం డబ్బుతో పూర్తయింది. 1955 మేలో న్యూయార్క్‌లో, ఆగస్టులో కలకత్తాలో తెర మీదికి వచ్చింది. 1956లో కాన్‌లో ఉత్తమ మానవీయ పత్రంగా బహుమతి వచ్చింది.

ఇక్కడ గమనించవలసింది, బొమ్మలు వేయగలిగినా కళాదర్శకత్వం తన చేతిలోకి తీసుకోలేదు. ఆ పని బంసీ చంద్రగుప్తకు ఇచ్చాడు. కెమెరా సుబ్రత మిత్రకు ఇచ్చాడు, అప్పటికి అతను కుర్రాడు, సినిమా కెమెరా పట్టి షూట్ చేసింది లేదు. రెండో సినిమా ‘అపరాజితో’లో కాశీ ఇంటి సెట్టును స్టూడియోలో బంసీ కడితే, పైన తెల్లగుడ్డ పరిచి లైటుని దాని మీద కొట్టి కిందికి రాలే వెలుగుతో మిత్ర నడివాకిట్లో పడే పగటి వెలుతురు తెచ్చాడు. ఆ వెలుగు రే గీసిన ఏ బొమ్మలోనూ ముందే లేదు. మంచి పనివాళ్లు పక్కన ఉంటే మన స్కెచ్‌లో లేనిది వచ్చి చేరుతుంది.

సంగీతం ఎందుకు తీసుకున్నాడు

కేసు మొత్తంలో ఇదే గట్టి భాగం, కాసేపు ఆగుదాం.

‘పథేర్ పాంచాలీ’కి రవిశంకర్ సంగీతం. ఆయనకు తీరిక లేదు, సినిమా సగమో ఎంతో చూశారు, ఒకే రాత్రి సుమారు 11 గంటల సిట్టింగులో రికార్డింగ్ మొత్తం అయిపోయింది. సరిపోని చోట మిఠాయివాడి సన్నివేశానికి కెమెరామన్ సుబ్రత మిత్రే సితార్ వాయించాడు! ఆ రాత్రి పుట్టిన సంగీతం గొప్పది, అందులో ఎవరికీ అనుమానం అక్కర్లేదు. కానీ ఈ పద్ధతిలో దర్శకుడికి ఎంత టెన్షనో, ఆర్ఆర్ (నేపథ్య సంగీతం రికార్డు చేసే) థియేటర్ బయట ఒక రాత్రి గడిపిన ఎవరికైనా తెలుస్తుంది. షాటు ఇన్ని సెకన్లు, స్వరం అక్కడ ఆగాలి. రాగంలో మునిగిన విద్వాంసుడికి ఆ కొలత పట్టదు. పట్టాలని అడగడం కూడా భావ్యం కాదు.

అదే సినిమాలో కూతురు దుర్గ చనిపోయిందని తండ్రికి తెలిసే సన్నివేశం ఉంది. తల్లి గుండె పగిలి ఏడుస్తుంది. ఆ ఏడుపు గొంతు మనకు వినపడదు, దాని స్థానంలో తార్ షెహనాయి అనే కమానుతో వాయించే తీగవాద్యం పైస్థాయిలో కేకపెడుతుంది. ఇది సంగీతం వేయడం అనే పనికన్నా ముందు జరిగిన నిర్ణయం. ఒక శబ్దాన్ని తీసేసి ఆ ఖాళీలో ఇంకొకటి పెట్టడం. కార్బెట్ అట్టలో పులిని తీసేసిన చెయ్యే ఇది. ఇలా ఆలోచించే మనిషి ఎక్కువ కాలం వేరేవాళ్ల ట్యూన్ల కోసం ఎదురుచూడడు.

1958లో ‘జల్‌సాఘర్’కు విలాయత్ ఖాన్, 1960లో ‘దేవి’కి అలీ అక్బర్ ఖాన్ పనిచేశారు. ఇద్దరూ ఉద్దండులు, ఇద్దరికీ కచేరీల ప్రయాణాలు. పైగా సంగీతం ఎలా ఉండాలో రేకు ముందే ఒక ఊహ ఉండేది. ‘జల్‌సాఘర్’ సంగీతం ఆ కథలోని జమీందారు మీద తనకు కావలసినదానికన్నా ఎక్కువ జాలి చూపిందని తర్వాత అన్నాడు కూడా. 1961లో ‘తీన్ కన్యా’ నుంచి తన సినిమాలకు తానే సంగీతం చేసుకున్నాడు. స్కూలు రోజుల నుంచే బేతోవెన్, మొజార్ట్, బాఖ్ రికార్డులు వినే అలవాటుంది. ట్యూను ఈలవేసో పియానో మీదో కట్టుకునేవాడు. పాశ్చాత్య స్వరలిపి రాయడం పట్టుబట్టి నేర్చుకున్నాడు, అది చదవడం రానివాళ్లకు మన పద్ధతిలో స్వరాలు రాసిచ్చేవాడు. విద్వాంసుడినని ఎక్కడా చెప్పుకోలేదు. కచేరీ చేయలేదు. తనకు కావలసిన కొలతకు తాను కుట్టుకోగలిగేంత నేర్చుకున్నాడు. ఆ కొంచెమే 1973లో ‘అశనిసంకేత్’కూ, 1980లో ‘హీరక్ రాజార్ దేశే’కూ ఉత్తమ సంగీత దర్శకుడిగా జాతీయ అవార్డులు తెచ్చింది.

అన్నీ కలిసిన ఏడు నిమిషాలు

1964 నాటి ‘చారులత’ మొదలే చూడండి. పేర్లు పడుతుండగా తెరనిండా రెండు చేతులు, ఒక చేతిరుమాలు. దాని మీద చారు ఇంగ్లిష్ ‘బి’ అక్షరం కుడుతోంది, భర్త భూపతి పేరులో మొదటి అక్షరం. కథానాయిక తీరిక, చదువు, భర్త మీద ప్రేమ, ఆ ప్రేమను చూపించుకోవడానికి దొరికిన ఇంత చిన్న చోటు, అన్నీ ఒక్క అక్షరంలో పెట్టాడు. లెటరింగ్ చేసేవాణ్ణి కాబట్టి ఇది నాకు ఎక్కువ నచ్చుతుందేమో, ఒప్పుకుంటాను. తర్వాత ఆమె ఇంట్లో తిరుగుతుంది, కిటికీ కిటికీకి వెళ్లి చిన్న దుర్భిణిలోంచి వీధిని చూస్తుంది, అదే దుర్భిణితో తనను చూడకుండా దాటిపోయిన భర్తనూ చూస్తుంది. దాదాపు మాటలే లేవు. ఈ సినిమా బాణీలకు ఆయన రవీంద్రుడి పాటల్నే పునాదిగా వాడుకున్నాడు. అందులో ఒకటి రవీంద్రుడు స్కాట్లాండ్ జానపదం నుంచి తెచ్చుకున్న వరస. కథాకాలంలో బెంగాలీ పెద్దింట్లో తూర్పూ పడమరా ఎలా కలిసిపోయి ఉన్నాయో చెప్పడానికి వేరే డైలాగు అవసరం లేకపోయింది.

ఈ ఇల్లంతా బంసీ చంద్రగుప్త కట్టిన సెట్టు. కెమెరా సుబ్రత మిత్రది. కానీ ఈ సినిమా నుంచి కెమెరా వెనక కన్ను పెట్టి తానే ఆపరేట్ చేయడం రే మొదలుపెట్టాడు. మిత్ర లైటింగ్ చేయాలి, దర్శకుడు ఫ్రేమ్ పట్టాలి. 1966లో ‘నాయక్’ తర్వాత మిత్ర ఆయనతో పనిచేయలేదు. తర్వాతి సినిమాల్లో సౌమేందు రాయ్ కెమెరా బాగుంటుంది, తప్పుపట్టను. అయినా ‘అపరాజితో’ వాకిట్లో రాలిన వెలుతురు వంటి ఊహించని కానుక మళ్లీ అంత తరచుగా దొరకలేదని నా అభిప్రాయం. సంగీతం తీసుకున్నప్పుడు అక్కడ ఒక చిక్కు ఉంది, దాన్ని విప్పాడు. కెమెరా తీసుకున్నప్పుడు చిక్కేమీ లేదు, అప్పటికే అద్భుతంగా నడుస్తున్న చేతినుంచి తీసుకున్నాడు. ఈ రెండు పనుల్నీ ఒకే గాటన కట్టి ‘అన్నీ తానే చేశాడు’ అని పొగడడం నాకు సమ్మతం కాదు.

దయ్యాల తాళవాద్య కచేరీ

‘గూపీ గాయిన్ బాఘా బాయిన్’ తాత ఉపేంద్రకిశోర్ కథ, ‘సందేశ్’లో వచ్చింది. పాటలు, బాణీలు, దుస్తుల స్కెచ్‌లు రేవి. మొత్తం రంగుల్లో తీయాలనుకున్నాడు, డబ్బు చాలక చివరి సన్నివేశం మాత్రమే రంగుల్లో వచ్చింది.

తెలుగువాళ్లం చెవిపెట్టి వినవలసింది ఇందులో దయ్యాల నాట్యం. సుమారు ఆరున్నర నిమిషాలు. నాలుగు రకాల దయ్యాలు: రాజులు, రైతులు, తెల్లదొరలు, లావుపాటి పెద్దమనుషులు. ఒక్క మాట లేదు, శ్రుతిలో పాడే వాద్యం లేదు. ఉన్నవి మృదంగం, కంజీర, ఘటం, మోర్సింగ్. అవును, మన త్యాగరాజ ఉత్సవాల్లో తని ఆవర్తనానికి, అంటే కచేరీలో తాళవాద్యాలే విడిగా వాయించే ఘట్టానికి కూర్చునే వాద్యాలే! రాజులకు మృదంగం, రైతులకు కంజీర, దొరలకు ఘటం, లావుపాటివాళ్లకు మోర్సింగ్. ఏ పాత్ర వస్తుందో చెవికే తెలిసిపోతుంది. దొరల నడక కీలుబొమ్మల్లా ఉండేందుకు కెమెరా వేగం తగ్గించి తీశారు. చివర్లో నాలుగు వర్గాలూ ఒకదాని మీద ఒకటిగా నాలుగు వరసల్లో తెర నింపుతాయి, అచ్చు పుస్తకం పేజీలో బొమ్మల పట్టీల్లాగా. లేఅవుట్ ఆర్టిస్టు తప్ప మరొకరు ఆ ఫ్రేమ్ అలా కట్టరు. వరమిచ్చే దయ్యాల రాజు గొంతు కూడా రేదే, యంత్రంతో మార్చి వాడారు.

ఇక్కడ సంగీతం, నాట్యం, దుస్తులు, ఫ్రేము అన్నీ ఒకే ఊహ నుంచి దిగాయి. నలుగురు నిపుణులకు నాలుగు చోట్ల వివరించి ఉంటే ఇది వచ్చేది కాదనే అనుకుంటున్నాను.

ఎర్ర అట్ట పుస్తకం

అలా ఒకే ఊహగా ఉండడానికి ఒక వస్తువు సాయపడింది. కలకత్తా వ్యాపారులు లెక్కలు రాసుకునే ఎర్రగుడ్డ అట్ట చిట్టాపుస్తకాలు. వాళ్లు వాటిని ఖేరోర్ ఖాతా అంటారు. సినిమాకు సంబంధించిన సమస్తం రే వాటిలోనే రాసేవాడు, గీసేవాడు. ఒక పేజీలో సంభాషణ, పక్కన ఫ్రేము బొమ్మ, మూలన తలపాగా స్కెచ్, ఇంకో పేజీలో స్వరాలు, టైటిల్ అక్షరాలకు ప్రయత్నాలు. మన దగ్గర స్క్రిప్ట్ ఒక లాప్‌టాప్‌లో, రిఫరెన్సులు వాట్సాప్ గ్రూపులో, ట్యూన్లు మ్యూజిక్ డైరెక్టర్ ఫోన్‌లో, టైటిల్ లోగో నా హార్డ్‌డిస్కులో ఉంటాయి. విడుదలకు ముందు వారం అన్నీ మొదటిసారి ఒకచోట కలుస్తాయి. ఇప్పుడు నేను టైటిల్ పని ఒప్పుకునేటప్పుడు సినిమా మొదటి రెండు నిమిషాల్లో ఏం వినిపిస్తుందో అడుగుతున్నాను. ట్యూను లేకపోతే కనీసం ఏ వాద్యమో చెప్పమంటాను. ఘటం మోగే చోట పడే అక్షరానికీ, వయొలిన్ సాగే చోట పడే అక్షరానికీ గీత మందం ఒకటి కాదు.

రే పక్కన బాపు గారిని పెట్టి చూడకుండా తెలుగువాడు ఉండలేడు. ఆయనా కార్టూన్లు, అట్టలు, అడ్వర్టైజింగ్ దాటుకునే 1967లో ‘సాక్షి’ తీశారు. షాటు బొమ్మ గీసుకునే సెట్‌కి వెళ్లేవారు. ఆయన చేతిరాత ఇవాళ పెళ్లి శుభలేఖల దాకా ఫాంటుగా పాకింది. కానీ మాటలు ముళ్లపూడి వెంకటరమణ గారికి, బాణీలు ఎక్కువగా కె.వి. మహదేవన్ గారికి వదిలేశారు. ‘ముత్యాల ముగ్గు’కు ఇషాన్ ఆర్య కెమెరా జాతీయ అవార్డు తెచ్చుకుంది. అక్కడ చిక్కు లేదు కాబట్టి చేయి పెట్టవలసిన పనీ పడలేదు. ఏది గొప్ప పద్ధతి అనే పంచాయితీ అనవసరం. పక్కన ఎవరున్నారు అన్నదాన్ని బట్టి ఎంత పని నెత్తిన వేసుకోవాలో తేలుతుంది.

1983లో రేకు గుండెపోటు వచ్చింది. తర్వాత తీసిన సినిమాల్లో కెమెరా ఆపరేట్ చేయడం కొడుకు సందీప్‌కు అప్పగించాడు. స్క్రిప్టు, సంగీతం మాత్రం 1991లో వచ్చిన ఆఖరి సినిమా ‘ఆగంతుక్’ దాకా ఎవరికీ ఇవ్వలేదు.